చాటన్ గ్రామంలోని ఇల్లు

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని తెలుగువారి సామెత. మానవజీవితంలో ఈ రెండూ ఎంత బరువైన కార్యాలో ఈ చిన్న మాట చెబుతుంది. ఆ రెండింటినీ తన సాహిత్యానికి ప్రధాన ఇతివృత్తాలుగా స్వీకరించిన రచయిత్రి ఒకరు ఇంగ్లండులో ఉన్నారు. ఆమె ఇల్లు కట్టుకోలేదు, పెళ్లి చేసుకోలేదు. అయినా గృహమూ వివాహమూ స్త్రీ జీవితాన్ని ఏ విధంగా శాసిస్తాయో ఆమె చెప్పినంత సూక్ష్మంగా చెప్పినవారు ఆంగ్ల నవలా సాహిత్యంలో అరుదు. ఆమె పేరు జేన్ ఆస్టిన్. ఆమె తన జీవితంలోని చివరి ఎనిమిది సంవత్సరాలూ ఒక చిన్న పల్లెలో, ఎర్ర ఇటుకలతో కట్టిన ఒక సాధారణ గృహంలో గడిపింది. ఆమె నవలలన్నీ ఆ ఇంటినుండే లోకంలోకి వెళ్లాయి. కాని ఆ ఇల్లు ఏనాడూ ఆమెది కాదు. దాని యజమానులు వేరు, దానికి కీర్తి తెచ్చినవారు వేరు. ఈ వ్యత్యాసమే ఆ ఇంటి చరిత్రలోని సారాంశం.

ఇంగ్లండు దక్షిణ భాగంలో హాంప్‌షైర్ అనే మండలం ఉంది. అందులో ఆల్టన్ అనే చిన్న పట్టణానికి చేరువలో ఉన్న గ్రామం చాటన్. పచ్చిక బయళ్లు, ఓక్ వృక్షాల తోపులు, గడ్డితో కప్పిన పైకప్పుల ఇళ్లు, ఊరికి కొంచెం ఎడంగా ప్రాచీనమైన చర్చి, దాని పక్కనే భూస్వాముల పెద్ద భవనం - ఇదీ ఆ గ్రామ స్వరూపం. లండన్ నుండి వచ్చే రహదారి ఈ ఊరిలోనే రెండుగా చీలేది. ఒక శాఖ వించెస్టర్ నగరానికి, మరొకటి సముద్రతీరాన ఉన్న గాస్‌పోర్టుకు వెళ్లేవి. సరిగ్గా ఆ కూడలిలో రోడ్డును ఆనుకొని ఉన్నదే మన కథలోని ఇల్లు. పదిహేడో శతాబ్దంలో నిర్మితమైన ఈ రెండంతస్తుల గృహం చాలాకాలం బాటసారులు దిగే పూటకూళ్ల ఇల్లుగా ఉండేది. గుర్రపు బండ్లు దాని ముంగిట ఆగేవి. ప్రయాణికులు భోజనం చేసి, విశ్రాంతి తీసుకొని సాగిపోయేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివరిలో ఆ వ్యాపారం ఆగిపోయిన తరువాత, ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగికి ఆ ఇంటిని నివాసంగా ఇచ్చారు.

ఎస్టేటు అంటే చాటన్ గ్రామ భూములు, అడవులు, ఇళ్లు కలిసిన మొత్తం ఆస్తి. దానికి యజమానులు నైట్ అనే వంశీయులు. వారు పదహారో శతాబ్దం చివరిలో చర్చి సమీపాన పెద్ద భవనాన్ని నిర్మించుకొన్నారు. ఈ వంశచరిత్రలో ఒక విశేషం ఉంది. సంతానం లేక వంశం ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడల్లా దూరపు బంధువులు ఆస్తిని పొందుతూ, ఆస్తితో పాటు నైట్ అనే ఇంటిపేరును కూడా ధరించేవారు. 1702లో ఎలిజబెత్ నైట్ అనే స్త్రీకి ఈ ఎస్టేటు సంక్రమించింది. ఆమె రెండుసార్లు వివాహమాడింది. ఇద్దరు భర్తలూ తమ ఇంటిపేర్లు వదులుకొని ఆమె ఇంటిపేరు స్వీకరించవలసి వచ్చింది. 1737లో ఆమె మరణించగా, థామస్ బ్రాడ్నాక్స్ అనే బంధువుకు ఆస్తి దక్కింది. ఆయన అంతకుముందే మరొక ఆస్తి కోసం 'మే' అని పేరు మార్చుకొన్నాడు. ఇప్పుడు 'నైట్' అయ్యాడు. మనిషి పేరు ఆస్తి వెంట నడిచిన కాలమది.

ఆయన కుమారుడు రెండవ థామస్ నైట్. ఈ దంపతులకు సంతానం కలగలేదు. వారికి జార్జి ఆస్టిన్ అనే దూరపు బంధువు ఉండేవాడు. హాంప్‌షైర్‌లోనే స్టీవెంటన్ అనే గ్రామంలో ఆయన మతాచార్యుడు. ఆయనకు ఆరుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. నైట్ దంపతులు ఆ పిల్లలలో ఎడ్వర్డు అనే బాలునిపై మమకారం పెంచుకొని, 1783లో అతనిని దత్తత చేసుకొన్నారు. అప్పటికి అతని వయస్సు పదహారు సంవత్సరాలు. ఈ దత్తత వలన కెంట్ మండలంలోని గాడ్మర్షమ్ అనే విశాలమైన ఎస్టేటుకూ, హాంప్‌షైర్‌లోని చాటన్, స్టీవెంటన్ ఎస్టేట్లకూ అతడు వారసుడయ్యాడు. థామస్ నైట్ 1794లో మరణించాడు. ఆయన భార్య కేథరిన్ తన జీవితకాలంలోనే ఎస్టేటు నిర్వహణను ఎడ్వర్డుకు అప్పగించింది. 1812లో ఆమె కన్నుమూసిన తరువాత ఎడ్వర్డు ఆస్టిన్ కూడా పూర్వుల వలెనే ఎడ్వర్డు నైట్ అయ్యాడు.

ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డల భాగ్యాలు ఎంత భిన్నంగా ఉండగలవో ఈ కుటుంబాన్ని చూస్తే తెలుస్తుంది. ఎడ్వర్డు రెండు మండలాలలో భూములకు అధిపతి కాగా, అతని చెల్లెళ్లు కసాండ్రా, జేన్ అనే ఇరువురికీ సొంతమని చెప్పుకొనే నివాసం లేదు. జేన్ 1775 డిసెంబరు 16న స్టీవెంటన్‌లో జన్మించింది. ఆమె బాల్య యౌవనాలు గడిచిన గృహం చర్చికి చెందినది. మతాచార్యుని పదవి ఉన్నంతకాలమే అందులో నివసించే అధికారం. 1800 సంవత్సరం చివరిలో తండ్రి పదవీ విరమణ చేసి బాత్ నగరానికి తరలిపోవాలని నిశ్చయించాడు. పెద్ద కుమారుడైన జేమ్స్ ఆ గృహంలోకి వచ్చాడు. తండ్రి సేకరించిన గ్రంథాలు, జేన్ వాయించే పియానో, ఇంటి సామగ్రి అమ్ముడుపోయాయి. ఇరవై అయిదేళ్ల వయస్సులో జేన్ తాను పుట్టిన ఇంటిని, పెరిగిన పల్లెను విడిచిపెట్టింది.

స్టీవెంటన్‌లోనే ఆమె మూడు నవలలకు తొలి రూపాలను సిద్ధం చేసింది. వాటిలో ఒకటి 1797లో పూర్తయింది. తండ్రి ఆ రచన గురించి లండన్‌లోని ఒక ప్రచురణకర్తకు లేఖ వ్రాయగా, అతడు ప్రతిని చూడకుండానే తిరస్కరించాడు. మరొక నవలను 1803లో వేరొక ప్రచురణకర్త 10 పౌండ్లకు కొన్నాడు గాని అచ్చువేయలేదు. బాత్ నగరంలో అద్దె ఇళ్లు మారుతూ గడిపిన కాలంలో ఆమె కొత్తగా ఒక నవలను ప్రారంభించి మధ్యలోనే విడిచిపెట్టింది. రచనకు ప్రతిభ ఒక్కటే చాలదు. కుదురైన చోటు, ఆటంకం లేని వేళలు కూడా కావాలి. ఆ సంవత్సరాలలో ఆమెకు అవి లభించలేదు.

సొంత ఇల్లు సంపాదించుకొనే మార్గం ఆనాటి స్త్రీకి సాధారణంగా ఒక్కటే ఉండేది. అది వివాహం. 1802 డిసెంబరులో జేన్‌కు అటువంటి అవకాశం వచ్చింది. మానిడౌన్ పార్క్ అనే పెద్ద ఎస్టేటుకు వారసుడైన హారిస్ బిగ్-విదర్ అనే యువకుడు ఆమెను వివాహమాడగోరాడు. ఆమె మొదట అంగీకరించింది. ఆ రాత్రి గడిచి తెల్లవారేసరికి తన అంగీకారాన్ని ఉపసంహరించుకొన్నది. ఆ వివాహం జరిగి ఉంటే తల్లికి, అక్కకు కూడా జీవితాంతం నీడ దొరికేది. ఆ సంగతి ఆమె ఎరగనిది కాదు. అయినా ప్రేమ లేని వివాహం కన్న నిలకడ లేని బ్రతుకే మేలని ఆమె నిర్ణయించుకొన్నది. ఆ నిర్ణయానికి చెల్లించవలసిన మూల్యం త్వరలోనే తెలిసివచ్చింది.

1805 జనవరిలో తండ్రి మరణించాడు. ఆయనతోపాటే చర్చి నుండి వచ్చే ఆదాయం కూడా ఆగిపోయింది. తల్లికి కొద్దిపాటి రాబడి ఉంది. కసాండ్రా వివాహమాడవలసిన యువకుడు దూరదేశంలో మరణిస్తూ ఆమె పేర 1,000 పౌండ్లు వ్రాసి ఉంచాడు. దానిపై వచ్చే వడ్డీ ఆమెకు ఆధారం. జేన్‌కు తనదంటూ ఏమీ లేదు. సోదరులు తలా కొంత వేసుకొని ఏటా ఇచ్చే మనోవర్తి వంటి సహాయంతో కలిపి ఆ స్త్రీల మొత్తం ఆదాయం సంవత్సరానికి సుమారు 450 పౌండ్లు. వారితోపాటు మార్తా లాయిడ్ అనే స్నేహితురాలు కూడా వచ్చి చేరింది. 1806లో ఈ నలుగురు స్త్రీలు నౌకాదళ అధికారి అయిన ఫ్రాన్సిస్ అనే సోదరుని కాపురంతో కలిసి సౌతాంప్టన్‌లో ఉండసాగారు. ఒకరి నీడ నుండి మరొకరి నీడకు సాగిన ఈ ప్రయాణం మూడేళ్లు అక్కడ నిలిచింది.

ఇందుకు ఏ సోదరుని నిర్దయా కారణం కాదు. ఆనాటి ఆచారమూ చట్టమూ కారణం. భూమి సాధారణంగా జ్యేష్ఠ పుత్రునికి దక్కేది. కొన్ని వంశాలలో ఆస్తి పురుష సంతతికే చెందాలన్న కట్టడి ఉండేది. అటువంటి ఇంట్లో యజమాని మరణిస్తే ఆడపిల్లలు ఏ దూరపు బంధువుకో ఇల్లు అప్పగించి వెళ్లవలసిందే. వివాహిత స్త్రీ ఆర్జించిన ధనం కూడా చట్టం దృష్టిలో భర్తదే. వివాహితలకు ఆస్తిపై స్వతంత్రమైన హక్కును కల్పించే ప్రధాన చట్టాలు 1870లోనూ, 1882లోనూ వచ్చాయి. జేన్ ఆస్టిన్ జీవించిన కాలానికి అవి చాలా దూరంలో ఉన్నాయి.

1808 అక్టోబరులో ఎడ్వర్డు భార్య పదకొండో బిడ్డను ప్రసవించిన కొద్ది రోజులకే మరణించింది. ఆ దుఃఖ సమయంలోనే అతడు తల్లికి, చెల్లెళ్లకు స్థిరమైన నివాసం ఏర్పరచాలని సంకల్పించాడు. తన గాడ్మర్షమ్ సమీపంలో ఒక ఇంటిని, లేదా చాటన్‌లోని ఇంటిని ఎంచుకొమ్మని కోరాడు. చాటన్‌లోని ఇంటిలో ఉంటున్న ఎస్టేటు ఉద్యోగి అదే సంవత్సరం మరణించడంతో అది ఖాళీ అయింది. తాము పుట్టిపెరిగిన హాంప్‌షైర్‌నే వారు కోరుకొన్నారు. 1809 జులై 7న జేన్ చాటన్‌లో అడుగుపెట్టింది. అప్పుడామె వయస్సు ముప్పైమూడు సంవత్సరాలు. స్టీవెంటన్ విడిచి ఎనిమిదేళ్లు దాటింది.

వారి కోసం ఎడ్వర్డు ఇంటికి కొన్ని మరమ్మతులు చేయించాడు. రోడ్డు మీది బండ్లలో పోయేవారికి హాలులోని దృశ్యమంతా కనిపించేది గనుక ఆ వైపున్న పెద్ద కిటికీని ఇటుకలతో మూయించి, తోట వైపు గోతిక్ శైలిలో కొత్త కిటికీని తెరిపించాడు. ఇంటి వెనుక రొట్టెలు కాల్చే పొయ్యి గది, బట్టలు ఉడికించే రాగి కాగు, బావి, కూరగాయల తోట ఉండేవి. గాడిదను పూన్చే చిన్న బండి ఒకటి ఉండేది. ఇంటి పనులను స్త్రీలు పంచుకొన్నారు. తల్లి వయస్సు మీరినా తోటలో బంగాళాదుంపలు తవ్వేది. కసాండ్రా, మార్తా వంట ఏర్పాట్లు, ఇంటి నిర్వహణ చూసుకొనేవారు. ఉదయం అందరికంటె ముందు లేచి పియానో వాయించుకొని, తొమ్మిది గంటలకు ఫలహారం సిద్ధం చేయడం జేన్ వంతు. తేయాకు, చక్కెర ఆమె ఆధీనంలో ఉండేవి. ఆ తరువాతి సమయమంతా ఆమెదే. ఆ తీరికను ఆమెకు కల్పించినవారు తక్కిన ముగ్గురు స్త్రీలు. చాటన్ నవలల వెనుక వారి శ్రమ కూడా ఉంది.

భోజనాల గదిలో కిటికీ పక్కన పన్నెండు పలకలు గల ఒక చిన్న బల్ల ఉండేది. ఒక సిరాబుడ్డి, కొన్ని కాగితాలు ఉంచితే మరి దేనికీ చోటు చాలనంత చిన్నది. దాని మీదనే ఆమె వ్రాసేదని కుటుంబం చెప్పుకొనే కథనం. ఆ గదికి వెళ్లే దారిలో ఒక తలుపు తెరిచినప్పుడల్లా కిర్రుమనేదట. దానికి నూనె వేయవద్దని ఆమె వారించిందనీ, ఎవరో వస్తున్నారని ఆ చప్పుడు తెలుపగానే వ్రాస్తున్న కాగితాలను కప్పివేసేదనీ ఆమె మేనల్లుడు తరువాతికాలంలో తన గ్రంథంలో పేర్కొన్నాడు. ఇది కుటుంబ స్మృతి మాత్రమే. అయినా తనకంటూ ప్రత్యేకమైన గది లేని ఒక రచయిత్రి పరిస్థితిని ఆ తలుపు చప్పుడు మన చెవులకు వినిపిస్తుంది.

ఆ ఇంటిలో కుదురుకొన్న తరువాత జేన్ పాత వ్రాతప్రతులను వెలికితీసింది. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' 1811 అక్టోబరులో వెలువడింది. ముఖపత్రంపై ఆమె పేరు లేదు. ఒక స్త్రీ రచించినదని మాత్రమే ఉంది. నష్టం వస్తే రచయిత్రే భరించాలన్న ఒప్పందంపై అది ప్రచురితమైంది. నష్టం రాలేదు సరికదా, 140 పౌండ్లు లాభం వచ్చింది. జీవితంలో మొదటిసారిగా ఆమె చేతిలో స్వార్జితమైన ధనం నిలిచింది. పూర్వం ప్రచురణకర్త చూడకుండానే తిరస్కరించిన నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అనే పేరుతో 1813 జనవరిలో వచ్చింది. దాని సర్వహక్కులను ఆమె 110 పౌండ్లకు విక్రయించింది. అచ్చయిన ప్రతి చాటన్ చేరిన రోజున తల్లీకూతుళ్లు ఒక పొరుగు స్త్రీని ఆహ్వానించి, ఆ నవలను పైకి చదివి వినిపించారు. వ్రాసినవారు తన ఎదుటనే ఉన్నారని ఆ అతిథికి తెలియదు.

తరువాతి నవలలను ఆమె పూర్తిగా ఆ ఇంటిలోనే కల్పించి రచించింది. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' 1814లో, 'ఎమ్మా' 1815 డిసెంబరులో వెలువడ్డాయి. 'పర్స్యూయేషన్' 1816 ఆగస్టులో పూర్తయింది. అదే సంవత్సరం, పదమూడేళ్లుగా అచ్చుకాక మూలపడి ఉన్న నవలను 10 పౌండ్లు తిరిగి చెల్లించి వెనక్కు తెచ్చుకొన్నారు. మరణానంతరం 'నార్తాంగర్ అబ్బీ'గా ప్రసిద్ధి పొందినది అదే. జీవితకాలంలో ఆమె రచనల వలన ఆర్జించినది 600 పౌండ్లకు కొంచెం పైగా ఉంటుంది. ఇల్లు కొనడానికి చాలే ధనం కాదది. కాని అన్నలను అడగకుండా ఖర్చు చేసుకోగల స్వాతంత్ర్యాన్ని ఆమెకు ఇచ్చింది.

ఈ నవలలలోని కథలు ఎక్కడ ప్రారంభమవుతాయో గమనిస్తే, ఇల్లు ఆమె మనస్సును ఎంతగా ఆక్రమించిందో తెలుస్తుంది. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో తండ్రి మరణించగానే తల్లి, ముగ్గురు కుమార్తెలు సవతి కుమారునికి ఇల్లు వదిలి, ఒక బంధువు చూపిన చిన్న ఇంటికి తరలిపోతారు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో అయిదుగురు కూతుళ్లున్న ఇల్లు తండ్రి తరువాత ఒక దూరపు బంధువుకు దక్కవలసి ఉంటుంది. కూతుళ్ల పెళ్లిళ్ల కోసం తల్లి పడే ఆరాటం మనకు నవ్వు తెప్పిస్తుంది. ఆ ఆరాటం వెనుక ఉన్నది తల దాచుకొనే చోటు పోతుందన్న భయమని గ్రహించినప్పుడు ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. అనుభవంలో చేదుగా ఉన్నదానిని హాస్యంతో చెప్పగలగడమే ఆమె ప్రతిభ.

చాటన్‌లోని ఆశ్రయం కూడా నిర్భయమైనది కాదు. 1814లో ఎడ్వర్డుపై ఒక వ్యాజ్యం దాఖలైంది. పూర్వపు నైట్ వంశానికి తామే నిజమైన వారసులమని, చాటన్ ఎస్టేటు తమకు చెందాలని పొరుగువారైన ఒక కుటుంబం వాదించింది. వారు గెలిచి ఉంటే పెద్ద భవనంతోపాటు ఈ చిన్న ఇల్లు కూడా చేయి దాటిపోయేది. 1816 మార్చిలో హెన్రీ అనే మరొక సోదరుని బ్యాంకు దివాలా తీసింది. అతనికి జామీను ఉన్న ఎడ్వర్డు 20,000 పౌండ్లు నష్టపోయాడు. వ్యాజ్యం 1818లో రాజీతో ముగిసింది. ఎడ్వర్డు 15,000 పౌండ్లు చెల్లించి ఎస్టేటును నిలుపుకొన్నాడు. అందుకోసం చాటన్ అడవిలోని చెట్లను కొట్టించి అమ్మవలసి వచ్చింది. 'ఎమ్మా', 'పర్స్యూయేషన్' రచనలు సాగిన కాలమంతా ఆ ఇంటి కప్పుపై ఈ అనిశ్చితి వ్రేలాడుతూనే ఉంది.

ఆ పరిష్కారాన్ని చూడడానికి జేన్ జీవించి లేదు. 1816 నుండి ఆమె ఆరోగ్యం క్షీణించసాగింది. 1817 జనవరిలో ప్రారంభించిన నవలను మార్చి నెలలో నిలిపివేసింది. ఏప్రిల్ 27న తన వీలునామా వ్రాసి, దాదాపు సమస్తమూ అక్కకు చెందేటట్లు ఏర్పాటు చేసింది. మే 24న చికిత్స కోసం వించెస్టర్ నగరానికి వెళ్లింది. అదే ఆమె చాటన్ ఇంటి నుండి చేసిన చివరి ప్రయాణం. జులై 18న అక్క ఒడిలో తల ఉంచి కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు నలభైఒక్క సంవత్సరాలు. వించెస్టర్ కేథడ్రల్‌లో ఆమె సమాధిపై చెక్కిన వాక్యాలు ఆమె గుణగణాలను కీర్తిస్తాయి గాని, ఆమె నవలలు రచించినట్లు స్పష్టంగా చెప్పవు. ఆ సంవత్సరం డిసెంబరులో చివరి రెండు నవలలను ప్రకటిస్తూ సోదరుడు హెన్రీ వ్రాసిన పరిచయం ద్వారానే పాఠకలోకానికి రచయిత్రి పేరు తెలిసింది.

తల్లి 1827లో గతించింది. మార్తా మరుసటి సంవత్సరం ఫ్రాన్సిస్‌ను వివాహమాడి వెళ్లింది. కసాండ్రా ఒంటరిగా ఆ ఇంటిలోనే ఉండి 1845లో మరణించింది. ఆ తరువాత నైట్ ఎస్టేటు వారు ఇంటిని మూడు వాటాలుగా విభజించి వ్యవసాయ కూలీల కుటుంబాలకు నివాసంగా ఇచ్చారు. కొంతకాలం అందులో గ్రామస్థుల పఠన మందిరం కూడా నడిచింది. దాదాపు వంద సంవత్సరాలు ఆ ఇల్లు పేదల కాపురాలతో, పిల్లల అల్లరితో, వంటపొగతో సాగిపోయింది. ఎడ్వర్డు 1852లో మరణించినా, ఇల్లు ఆయన సంతతివారి యాజమాన్యంలోనే ఉంది. జేన్ శతవర్ధంతి సందర్భంగా 1917లో ఇంగ్లండు, అమెరికా దేశాలలోని అభిమానులు కలిసి ఇంటి గోడపై ఒక స్మారక ఫలకాన్ని అమర్చారు. ఫలకం గోడ బయట వెలసింది గాని, లోపలి గదుల స్థితి మారలేదు.

1940లో డొరోథీ డార్నెల్ అనే మహిళ చొరవతో జేన్ ఆస్టిన్ సొసైటీ ఏర్పడింది. శిథిలమవుతున్న ఆ ఇంటిని సంపాదించి కాపాడడం దాని ప్రధాన ఆశయం. యుద్ధకాలం కావడం వలన నిధులు సమకూరలేదు. ఆ సమయంలో లండన్‌కు చెందిన థామస్ ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే న్యాయవాది ముందుకు వచ్చాడు. ఆయన కుమారుడు ఫిలిప్ జాన్ కార్పెంటర్ సైన్యంలో లెఫ్టినెంటుగా ఉండి 1944లో ఇటలీలో జరిగిన పోరులో నేలకొరిగాడు. ఆ పుత్రుని స్మృతిచిహ్నంగా తండ్రి 1947లో నైట్ వంశీయుని వద్ద 3,000 పౌండ్లకు ఆ ఇంటిని కొని, జాతికి అంకితం చేసి, నిర్వహణ కోసం ఒక ట్రస్టును నెలకొల్పాడు. 1949 జులైలో అది మ్యూజియంగా ప్రారంభమైంది. కొడుకును పోగొట్టుకొన్న ఒక తండ్రి శోకం ఒక రచయిత్రి ఇంటిని బ్రతికించింది.

ఈనాడు ఆ ఇంటిలో పన్నెండు పలకల బల్ల, తల్లీకూతుళ్లు ముగ్గురూ కలిసి గుడ్డముక్కలతో కుట్టిన దుప్పటి, మార్తా చేతితో వ్రాసుకొన్న వంటకాల పుస్తకం, జేన్ ధరించిన ఉంగరం దర్శనమిస్తాయి. ఆ ఉంగరాన్ని 2012లో జరిగిన వేలంలో ఒక అమెరికన్ గాయని కొనగా, దానిని దేశం దాటించకుండా ప్రభుత్వం నిలిపివేసింది. ప్రజలు ఇచ్చిన విరాళాలతో మ్యూజియం 2013లో దానిని సంపాదించింది. ఊరి చివరనున్న నైట్ వంశీయుల పెద్ద భవనం కూడా కొత్త జీవితాన్ని పొందింది. కంప్యూటరు పరిశ్రమలో ధనం ఆర్జించిన సాండీ లెర్నర్ అనే అమెరికన్ మహిళ దీర్ఘకాలిక కౌలుకు దానిని తీసుకొని పునరుద్ధరించింది. 2003 నుండి అది పూర్వకాలపు ఆంగ్ల రచయిత్రుల గ్రంథాలకు నిలయంగా ఉంది. ఒకప్పుడు చెల్లెలు అతిథిగా అడుగుపెట్టిన అన్నగారి మేడలో నేడు స్త్రీల రచనలు కొలువుతీరాయి.

జేన్ ఆస్టిన్ రెండువందల వర్ధంతి సంవత్సరమైన 2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఆమె చిత్రంతో 10 పౌండ్ల నోటును విడుదల చేసింది. ఒకనాడు ఆమె నవలకు ఒక ప్రచురణకర్త కట్టిన వెల కూడా అంతే కావడం గమనార్హం. ఆ నోటుపై ఆమె వెనుక కనిపించే భవనం ఆమె రచనలు చేసిన చాటన్ ఇల్లు కాదు. అది అన్న ఎడ్వర్డుకు చెందిన గాడ్మర్షమ్ భవనం. అయితే నోటుపై అలంకరణగా కూర్చిన ఒక ఆకృతికి చాటన్‌లోని పన్నెండు పలకల బల్లయే ఆధారం.

ఒక ఇంటికి యజమాని ఎవరన్న ప్రశ్నకు దస్తావేజులు ఒక సమాధానం చెబుతాయి. చాటన్ ఇంటి దస్తావేజులలో నైట్ వంశీయుల పేర్లు, తరువాత కార్పెంటర్ పేరు, ఆపైన ట్రస్టు పేరు ఉన్నాయి. జేన్ ఆస్టిన్ పేరు వాటిలో ఎక్కడా లేదు. ఆమె ఆ ఇంటిలో అన్నగారి దయవలన నివసించింది. ఆ దయ ఒక సంవత్సరం ఆలస్యమై ఉంటే, లేదా వ్యాజ్యంలో తీర్పు ముందుగానే వ్యతిరేకంగా వచ్చి ఉంటే, ప్రపంచం ఈ నవలలను చదివి ఉండేదో లేదో చెప్పలేము. ఎడ్వర్డు ఔదార్యం ప్రశంసనీయమే. కాని ప్రతిభావంతురాలైన ప్రతి స్త్రీకి ఎడ్వర్డు వంటి అన్న ఉండడు. నీడ అనేది దయగా కాక హక్కుగా లభించే సమాజంలోనే ప్రతిభ నిశ్చింతగా వికసిస్తుంది. కిర్రుమనే తలుపుతో, ఒక చిన్న బల్లతో ఆ పల్లెటూరి ఇల్లు నేటికీ సందర్శకులకు గుర్తుచేస్తున్న సత్యం ఇదే.